మైదాకు ఎరుపు, మందు ఎరుపు: కేపెసిటాబిన్ వాడిన ఒక పత్తి కూలీ అరచేతుల కేసు

నవంబరు మొదటి వారంలో కేపెసిటాబిన్ అనే క్యాన్సర్ మందు నాలుగో సైకిల్ (విడత) గోలీల కోసం నల్లగొండలోని మా డే కేర్ కీమో యూనిట్‌కు వచ్చిన 47 ఏళ్ళ మహిళ, కుర్చీలో కూర్చోగానే రేషన్ బియ్యం సంగతి ఎత్తింది. "బియ్యం కాడ వేలు వడ్తలేదు మేడం. మూడుసార్లు పెట్టిన. డీలర్ నా వేలును తన తువ్వాలతోని తుడిసి మల్ల పెట్టిచ్చిండు. అయినా మిషన్ తీసుకోలే" అన్నది. చివరికి కార్డులో పేరున్న కొడుకు పొలం నుంచి వచ్చి వేలు పెడితే బియ్యం ఇచ్చారట. ఆమె కుడి బొటనవేలిని కిటికీ వెలుగులో తిప్పి చూశాను. గీతలు ఉండవలసిన చోట నున్నగా, గ్లాసు అంచులా మెరుస్తూ ఉంది. అప్పటికి మూడు వారాల కింద ఇవే చేతులను చూసి, కేసు షీట్‌లో "అరచేతుల ఎరుపు, గ్రేడ్ 1, మందు కొనసాగించాలి" అని రాసి సంతకం పెట్టింది నేనే. ఆ నిర్ణయం ఎక్కడ తప్పిందో, తరువాత ఏమి చేశామో పేషెంట్ అనుమతితో, ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చి ఇక్కడ రాస్తున్నాను.

పేషెంట్ నేపథ్యం

ఆమెది మునుగోడు వైపు ఒక గ్రామం. ఎకరంన్నర సొంత పత్తి చేను ఉంది, సీజన్‌లో ఇతరుల చేలల్లో కూడా పత్తి ఏరడానికి కూలికి వెళుతుంది. కుడిచేతి వాటం. ఎడమ రొమ్ములో గడ్డతో హైదరాబాద్‌లో చేరగా, బయాప్సీలో ట్రిపుల్ నెగటివ్ రకం (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు, హెర్2 ప్రొటీన్ మూడూ లేని) క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌కు ముందే డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు నాలుగు విడతలు, ఆపై వారానికొకటి చొప్పున పన్నెండు పాక్లిటాక్సెల్ ఇంజెక్షన్లు ఇచ్చారు. గడ్డ బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. రొమ్ము తొలగించిన తరువాత చూస్తే 1.8 సెంటీమీటర్ల కణితి, చంకలోని రెండు గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు మిగిలి ఉన్నాయి. రేడియేషన్ ముగించి, మిగిలిన మందును ఇంటికి దగ్గరగా తీసుకోమని మా దగ్గరికి పంపారు.

ముందస్తు కీమో తరువాత కూడా జబ్బు మిగిలిన ఇలాంటి వారికి కేపెసిటాబిన్ ఇవ్వడానికి ఆధారం జపాన్, కొరియా దేశాల్లో 910 మందిపై జరిగి 2017లో వెలువడిన క్రియేట్-ఎక్స్ పరిశోధన. ట్రిపుల్ నెగటివ్ రకం వారిలో అయిదేళ్ళకు బతికి ఉన్నవారు మందు తీసుకున్న వర్గంలో 78.8 శాతం, తీసుకోని వర్గంలో 70.3 శాతం. ఇంత తేడా చూపిన మందును పేషెంట్ చేత మధ్యలో మాన్పించడం నాకు ఇష్టం ఉండదు. అయితే అదే పరిశోధనలో మందు తీసుకున్నవారిలో 73.4 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో హ్యాండ్ ఫుట్ సిండ్రోమ్ వచ్చింది. అంటే అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి, మండి, పొట్టు లేచి, ముదిరితే బొబ్బలెక్కి పగిలే పరిస్థితి. నలుగురిలో ముగ్గురికి వచ్చే ఈ ఇబ్బందిని దుష్ఫలితం అనడం కంటే మందుతో పాటు వచ్చే రెండో జబ్బు అనుకుని ముందే సిద్ధపడటం మంచిది.

ఆమె ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు. ఆ లెక్కన శరీర ఉపరితలం 1.48 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 1000 మిల్లీగ్రాముల చొప్పున పూటకు 1500, అంటే 500 మిల్లీగ్రాముల గోలీలు పొద్దున మూడు, రాత్రి మూడు, బువ్వ తిన్న అరగంట లోపు వేసుకోవాలి. పద్నాలుగు రోజులు మందు, ఏడు రోజుల విరామం కలిపి ఒక సైకిల్. ఎనిమిది సైకిళ్ళు అనుకున్నాం. మొదటిది సెప్టెంబరు మొదట్లో మొదలై, కొంచెం వికారం తప్ప ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది.

మూడు వారాల కింద నేను చూసింది

రెండో సైకిల్ మొదటి వారమంతా బతుకమ్మ పండుగే. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా ఆమె తంగేడు, గునుగు తెంపుకొచ్చి పేర్చింది, వాకిట్లో ఉత్త కాళ్ళతో చప్పట్లు కొడుతూ తిరిగింది. పండుగకు ముందు రోజు రాత్రి ఇంటి వెనక చెట్టు నుంచి దూసిన మైదాకును చింతపండుతో నూరి రెండు చేతులకు, పాదాల అంచులకు పెట్టుకుంది. ఏడాది పాటు ఆసుపత్రుల చుట్టూ తిరిగి, జుట్టు రాలి, తిరిగి మొలుస్తున్న మనిషి ఆ పండుగను ఎంత ఇష్టంగా చేసుకుని ఉంటుందో ఊహించవచ్చు.

అక్టోబరు రెండో వారంలో మూడో సైకిల్ కోసం వచ్చినప్పుడు ఆమె అరచేతులు ఇటుక రంగులో ఉన్నాయి. "మైదాకు మంచిగ పండింది మేడం, సల్లగ గూడ ఉంది" అని నవ్వుతూ చూపించింది. కొద్దిగా తిమ్మిరి ఉందన్నది. పాక్లిటాక్సెల్ వాడినప్పటి నుంచి వేలి చివర్లలో తిమ్మిరి ఉందని పాత షీట్‌లో ఉండటంతో దాన్ని ఆ ఖాతాలో వేశాను. ఎరుపు కొంత మందు వల్ల, కొంత ఆకు వల్ల అనుకుని గ్రేడ్ 1 రాశాను. ఆ రోజు ఓపీలో చాలామంది ఉన్నారన్నది నిజమే కానీ, అది సాకుగా చెప్పడం లేదు. చేతిని చూశాను, ముట్టుకోలేదు. అదీ జరిగిన పొరపాటు.

హ్యాండ్ ఫుట్ సిండ్రోమ్ తీవ్రతను కొలిచే పద్ధతి రంగు మీద ఆధారపడదు. నొప్పి లేకుండా చర్మంలో కొద్దిపాటి మార్పు ఉంటే గ్రేడ్ 1. నొప్పితో పాటు పొట్టు లేవడం, వాపు, బొబ్బల వంటివి వచ్చి ఇంటి పనులకు, బయటి పనులకు అడ్డం వస్తే గ్రేడ్ 2. తన ఒంటి పనులు, అంటే తినడం, స్నానం, బట్ట కట్టుకోవడం కూడా కష్టమైతే గ్రేడ్ 3. ఈ మూడింటి మధ్య గీత గీసేది నొప్పి, పని. ఎరుపు ఒక సూచన మాత్రమే. ఆమె చేతుల్లో ఆ సూచన మీద ఆకు రంగు పరదాలా పడింది.

ఆకులో ఏముంది

మైదాకు చెట్టు శాస్త్రీయ నామం లాసోనియా ఇనెర్మిస్, దానిమ్మ కుటుంబానికి చెందినది. దాని ఆకులో రంగు సిద్ధంగా ఉండదు. రంగుకు మూలమైన పదార్థం చక్కెర అణువుతో అతుక్కుని, రంగులేని రూపంలో నిలువ ఉంటుంది. ఆకును నూరినప్పుడు కణాలు పగిలి ఆ బంధం తెగుతుంది, గాలి తగిలి లాసోన్ అనే నాఫ్తోక్వినోన్ రకం రంగు పదార్థంగా మారుతుంది. చింతపండు, నిమ్మరసం వంటి పులుపు ఈ పనికి తోడ్పడుతుంది. లాసోన్ చర్మం పైపొరలోని కెరటిన్ ప్రొటీన్‌తో రసాయనికంగా కలిసిపోతుంది కాబట్టి కడిగితే పోదు. ఆ పొర రాలిపోయినప్పుడే రంగు పోతుంది. అరచేతిలో, అరికాలిలో కెరటిన్ పొర మందం కనుక అక్కడే ఎక్కువ పండుతుంది, మామూలుగా కొన్ని వారాలు నిలుస్తుంది.

ఈ చివరి మాటలోనే ఈ కేసుకు పనికొచ్చే సంగతి ఉంది. పొర రాలితేనే రంగు పోతుందంటే, రంగు పోయిన తీరును చూసి పొర ఎక్కడ రాలిందో చెప్పవచ్చు. నవంబరులో ఆమె చేతులను మళ్ళీ చూసినప్పుడు అరచేతి గుంటలో, వేళ్ళ పక్కల రంగు ఇంకా లేత నారింజగా మిగిలి ఉంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేళ్ళ కొసల్లో, బొటనవేలి కింది కండ మీద మాత్రం మచ్చుకు కూడా లేదు. పత్తి ఏరేవారు కాయ తొనల నుంచి దూదిని లాగేది ఆ మూడు వేళ్ళతోనే. ఎడమచేతిలో రంగు దాదాపు సమంగా వెలిసింది. మందు రెండు చేతులకూ ఒకేలా చేరుతుంది, రాపిడి మాత్రం కుడిచేతికి ఎక్కువ. ఆ తేడాను మైదాకు పటం గీసినట్టు చూపించింది. రంగును అడ్డంకి అనుకున్న నేను, తెలిసి చూస్తే అదే సాక్ష్యంగా పనికివస్తుందని ఆ రోజు గ్రహించాను.

రెండో పరీక్ష ఇంకా తేలిక. ల్యాబ్‌లో వాడే గాజు స్లైడ్‌ను చర్మం మీద పెట్టి నొక్కితే రక్తనాళాలు ఉబ్బడం వల్ల వచ్చిన ఎరుపు ఆ కాసేపు పాలిపోతుంది, ఆకు రంగు అలాగే ఉంటుంది. ఆమె అరచేతిలో మణికట్టు దగ్గరి మెత్తటి భాగం మీద నొక్కినప్పుడు ముదురు ఎరుపు పోయి లేత నారింజ తేలింది. వదలగానే ఎరుపు తిరిగి ఎక్కింది, ఆమె "అబ్బా" అని చెయ్యి లాక్కుంది. ఈ పరీక్షకు పది సెకన్లు చాలు. అక్టోబరులోనే చేసి ఉంటే మూడో సైకిల్ మొదలుపెట్టేదాన్ని కాదు.

నవంబరు పరీక్షలో తేలినవి

కుడి బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత బొబ్బ పగిలి, లోపలి చర్మం తడిగా, పచ్చిగా ఉంది. వేలి మడతల దగ్గర సన్నటి పగుళ్ళు. అరికాళ్ళలో మడమలు, బొటనవేలి కింది భాగం ఎర్రగా, ముట్టుకుంటే నొప్పి. రవికె హుక్కులు కోడలు పెడుతున్నది. "బువ్వ కలుపుకోవస్తలేదు మేడం, కారం తగిల్తే పానం పోతది. చెంచతోని తింటున్న" అన్నది. చేత్తో అన్నం కలుపుకోలేకపోవడం కంటే స్పష్టమైన గ్రేడ్ 3 లక్షణం మన దగ్గర ఏముంటుంది? గుండీలు పెట్టుకోగలవా, టెలిఫోన్ వాడగలవా అని పుస్తకాల్లో ఉండే ప్రశ్నల కంటే "బువ్వ చేత్తో కలుపుకుంటున్నవా?" అన్న ఒక్క ప్రశ్న మా పేషెంట్ల విషయంలో ఎక్కువ చెబుతుంది.

ఇంట్లో మాత్రం ఈ నొప్పికి వేరే పేరు పెట్టారు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో చేతులు, కీళ్ళు నొస్తున్నాయంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. తరాల తరబడి బోరు నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చూసిన ఊళ్ళవి, భగీరథ నీళ్ళు వచ్చినా ఆ జ్ఞాపకం పోలేదు. "నీళ్ళ నొప్పులే" అని కొడుకు తేల్చేశాడు. ఫ్లోరోసిస్ ఎముకలను, కీళ్ళను బిగుసుకుపోయేలా చేస్తుంది కానీ అరచేతి చర్మాన్ని పొట్టు లేపదు. ఆమె మణికట్లు, వేలి కణుపులు స్వేచ్ఛగా కదులుతున్నాయి.

మరి మూడు కారణాలను కూడా ఆలోచించి పక్కన పెట్టాను. ఒకటి, చేల గట్ల మీద విపరీతంగా పెరిగే వయ్యారిభామ కలుపు మొక్క. దానిలోని పార్థెనిన్ వల్ల వచ్చే అలర్జీ సాధారణంగా కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో మొదలవుతుంది. మందపాటి అరచేతి చర్మాన్ని అంతగా పట్టదు, దురద దాని ముఖ్య లక్షణం. ఆమెకు దురద లేదు, మంట ఉంది. రెండు, బజారులో దొరికే నల్ల మెహందీ కోన్. రంగు తొందరగా, నల్లగా రావడానికి వాటిలో కొన్నింటిలో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ కలుపుతారు. అది తీవ్రమైన అలర్జీ తెప్పిస్తుంది, బొబ్బలు కూడా డిజైన్ గీసిన గీతల వెంటే వస్తాయి. ఆ ఇంట్లో కోన్ పెట్టుకున్నది కోడలు, మా పేషెంట్ పెట్టుకున్నది నూరిన ఆకే. మూడు, పాక్లిటాక్సెల్ మిగిల్చిన తిమ్మిరి.

ఈ మూడోది తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. పాక్లిటాక్సెల్ కూడా చెట్టు నుంచి వచ్చిన మందే. అమెరికా పడమటి తీరంలో పెరిగే పసిఫిక్ యూ చెట్టు బెరడును 1962లో సేకరించగా, మన్రో వాల్, మన్‌సుఖ్ వాణీ అనే శాస్త్రవేత్తలు దాని నుంచి ఈ అణువును వేరుచేసి 1971లో నిర్మాణాన్ని ప్రకటించారు. కణం లోపలి సన్నటి గొట్టాల వంటి మైక్రోట్యూబ్యూల్స్‌ను అది విడిపోకుండా బిగించేస్తుంది. క్యాన్సర్ కణం అందువల్లే విభజన చెందలేక చస్తుంది. నరాలు కూడా తమకు కావలసిన సరుకును ఆ గొట్టాల వెంటే దూరాలకు పంపుకుంటాయి కాబట్టి, పొడవైన నరాల కొసలు, అంటే వేలి చివరలు, ముందు దెబ్బతింటాయి. ఈ తిమ్మిరి నెలల తరబడి ఉంటుంది. దానితో చర్మం ఎర్రబడదు, బొబ్బలెక్కదు. కానీ స్పర్శ తగ్గిన వేళ్ళకు పత్తి కాయ తొనల ముళ్ళు గుచ్చుకున్నది తెలియదు. ఆమె కుడిచేతి వేళ్ళ మీద లెక్కపెడితే తొమ్మిది గీరుళ్ళున్నాయి, వాటిలో నాలుగైదు ఎప్పుడైనవో ఆమెకే తెలియదు. పాత మందు స్పర్శను తీసుకుంది, కొత్త మందు పైపొరను తీసుకుంది, మధ్యలో చేను పని ఆగలేదు.

ఎడమ చంకలో గ్రంథులు తీసేసినందున ఎడమచేతికి ఒక్క గాయం కూడా ప్రమాదమే. అదృష్టవశాత్తు ఆ వైపు చర్మం చెక్కుచెదరలేదు.

మందు అరచేతులనే ఎందుకు పడుతుంది

కేపెసిటాబిన్ నోట్లో వేసుకున్నప్పుడు అది ఇంకా క్యాన్సర్ మందు కాదు. కాలేయంలో కార్బాక్సిల్‌ఎస్టరేజ్, ఆపై సిటిడిన్ డీఅమినేజ్, చివరగా థైమిడిన్ ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైములు వరుసగా పనిచేస్తే 5-ఫ్లోరోయురాసిల్‌గా మారుతుంది. చివరి ఎంజైము కణితుల్లో ఎక్కువగా ఉంటుంది కాబట్టి మందు అక్కడే ఎక్కువగా తయారవుతుందన్నది దీని రూపకల్పన. అరచేతి చర్మంలో కూడా ఆ ఎంజైము ఎక్కువేనని, కణాలు అక్కడ వేగంగా పుడతాయని, నిత్యం పడే ఒత్తిడి, రాపిడి దానికి తోడవుతాయని వివరణలున్నాయి. తయారైన మందును విరిచి బయటికి పంపేది డీపీడీ అనే మరో ఎంజైము. అది పుట్టుకతోనే తక్కువగా ఉన్నవారిలో మొదటి సైకిల్‌లోనే విరేచనాలు, నోటి పుండ్లు, తెల్లకణాలు పడిపోవడం వంటివి ప్రాణం మీదికి తెస్తాయి. ఆమెకు మొదటి సైకిల్ సాఫీగా గడిచింది, రక్తకణాల సంఖ్య బాగానే ఉంది, కాబట్టి ఆ దిశగా వెళ్ళలేదు.

మరి మొదటి సైకిల్‌లో లేనిది మూడో సైకిల్ నాటికి ఇంతగా ఎందుకు ముదిరింది? సైకిళ్ళు గడిచి, తీసుకున్న మొత్తం మోతాదు పెరిగే కొద్దీ ఈ సమస్య పెరగడం మామూలే. బతుకమ్మ చప్పట్లు, పత్తి ఏరడం ఉన్నాయి. అయినా నాకు తృప్తి కలగక, ఇంట్లో ఉన్న గోలీలన్నీ తెమ్మన్నాను. మరునాడు కోడలు ప్లాస్టిక్ కవర్‌లో తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. కేపెసిటాబిన్, వాంతి గోలీలు, గ్యాస్ గోలీలు, విటమిన్ బి6 గోలీలతో పాటు సగం వాడిన ఎర్ర గోలీల స్ట్రిప్ ఒకటి కనబడింది. రక్తం తక్కువుందని ఊళ్ళో ఆర్‌ఎంపీ అక్టోబరు మొదట్లో రాసిచ్చిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ గోలీలవి. రోజుకొకటి వేసుకుంటున్నది. మేము "వేరే మందులు ఏమైనా వాడుతున్నవా?" అని అడిగినప్పుడు లేదన్నది, ఎందుకంటే ఆమె దృష్టిలో అవి మందులు కావు, బలం గోలీలు.

5-ఫ్లోరోయురాసిల్ నుంచి పుట్టే పదార్థం థైమిడిలేట్ సింథేజ్ అనే ఎంజైమును పట్టుకుని ఆపేస్తుంది. ఆ పట్టు బిగియడానికి ఫోలేట్ అనే విటమిన్ కావాలి, ఫోలిక్ యాసిడ్ దాని రూపమే. పెద్దపేగు క్యాన్సర్‌లో 5-ఫ్లోరోయురాసిల్‌తో పాటు ల్యూకోవోరిన్ అనే ఫోలేట్ రూపాన్ని కావాలనే ఇచ్చేది ఇందుకే. కేపెసిటాబిన్ మోతాదు నిర్ణయించినప్పుడు ఆ తోడును లెక్కలోకి తీసుకోలేదు కనుక, ఫోలిక్ యాసిడ్ అదనంగా చేరితే మందు పని, దాని విషప్రభావం రెండూ పెరగవచ్చు. అమెరికాలో 1998 నుంచి పోషకాలు చేర్చి అమ్మే (ఎన్‌రిచ్డ్) పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి. అక్కడి పేషెంట్లు తూర్పు ఆసియా వారికంటే ఈ మందును తక్కువగా తట్టుకోవడానికి అది ఒక కారణమని భావించే పరిశోధకులున్నారు. ఇది విన్న మా ఫార్మసిస్టు, రేషన్‌లో ఇచ్చే ఫోర్టిఫైడ్ బియ్యంలోనూ అది ఉంటుంది కదా అని అడిగాడు. మంచి ప్రశ్నే. ప్రమాణాల ప్రకారం ఆ బియ్యంలో కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం తిన్నా 50 మైక్రోగ్రాములు దాటదు. ఆ ఎర్ర గోలీలో 500 ఉన్నాయి. బియ్యం మానుకోమని చెప్పవలసిన అవసరం కనబడలేదు, గోలీని మాత్రం ఆపాను. ఆమె హీమోగ్లోబిన్ 10.4 ఉంది, ఫోలిక్ యాసిడ్ లేని ఐరన్ రాశాను.

చేసిన చికిత్స

మందు ఆపేశాం. ఆ సైకిల్ మొదలుపెట్టలేదు. పగిలిన బొబ్బకు రోజూ కట్టు. పొట్టు లేచినా పగలని చోట్ల క్లోబెటసాల్ అనే స్టీరాయిడ్ ఆయింట్‌మెంట్ పది రోజులు, రోజుకు రెండుసార్లు 10 శాతం యూరియా క్రీమ్, రాత్రి వాజెలిన్ రాసి పాత నూలు సాక్సులు చేతులకు, కాళ్ళకు తొడుక్కోమన్నాను. వేడినీళ్ళు, అంట్ల పొడి, ఉత్త కాళ్ళ నడక వద్దన్నాను. పత్తి ఏరడం పూర్తిగా మాన్పించాను. అది చెప్పినంత తేలిక కాదు. సీజన్‌లో ఆ కూలి ఆ ఇంటికి ఆధారం. కొడుకు, కోడలు సొంత చేను ఏరుకుంటే, ఆమె మనుమణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉండేలా ఒప్పందం కుదిరింది. హైదరాబాద్‌లో ఎవరో రాసిన విటమిన్ బి6 గోలీలను ఆపించాను. ఈ సమస్యకు బి6 ఇవ్వడం పాత అలవాటు, కొరియాలో ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్త గోలీతో పోల్చి చేసిన పరిశోధనలో దాని వల్ల ఉపయోగం కనబడలేదు.

రెండున్నర వారాల్లో చర్మం మూసుకుంది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు గ్రేడ్ 3 నియమం ప్రకారం మోతాదు 75 శాతానికి తగ్గించాలి. రోజుకు 3000కు బదులు 2250 మిల్లీగ్రాములు. 500 గోలీలతో అయితే 2000 లేదా 2500 మాత్రమే కుదురుతాయి. ఈ గోలీని ఇంట్లో కత్తితో కోయడం, నలగగొట్టడం చేయకూడదు, ఆ పొడి ముట్టుకున్నవారికీ మంచిది కాదు. 150 మిల్లీగ్రాముల గోలీలు ఇక్కడి మెడికల్ షాపుల్లో దొరకలేదు. హైదరాబాద్ నుంచి తెప్పించి పూటకు 500వి రెండు, 150ది ఒకటి, రోజుకు మొత్తం 2300గా సరిచేశాం. పెద్ద గోలీలు, చిన్న గోలీ కలిసిపోకుండా కోడలు పద్నాలుగు రోజులకు ఇరవై ఎనిమిది కాగితపు పొట్లాలు కట్టి, పొద్దుటి వాటి మీద సూర్యుడి బొమ్మ, రాత్రి వాటి మీద నెలవంక గీసింది. ఇప్పుడు మా యూనిట్‌లో అందరికీ అదే పద్ధతి చెబుతున్నాం.

నాలుగో సైకిల్ నుంచి పగుళ్ళు లేని చర్మానికి 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ రోజుకు రెండుసార్లు రాయించాను. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మందిపై జరిపి 2024లో ప్రచురించిన డీ-టార్చ్ పరిశోధనలో ఈ జెల్ రాసుకున్నవారిలో గ్రేడ్ 2, 3 సమస్య 3.8 శాతానికి, ఉత్త జెల్ రాసుకున్నవారిలో 15 శాతానికి వచ్చింది. నడుం నొప్పికి ఇంటింటా ఉండే ట్యూబే ఇది, ఖర్చు తక్కువ. ఆ పరిశోధన చర్మం దెబ్బతినక ముందు, నివారణ కోసం చేసినది. మా పేషెంట్‌కు ఒకసారి దెబ్బతిన్న తరువాత వాడాం. కాబట్టి ఆ అంకెలను ఈమెకు అన్వయించలేను. ఇప్పుడైతే మొదటి సైకిల్ రోజునే రాస్తున్నాను.

మైదాకు సంగతి ఆమే అడిగింది, పెట్టుకుంటే తగ్గుతుందా అని. టర్కీ వైద్యులు 2008లో కేపెసిటాబిన్ వల్ల చేతులు దెబ్బతిన్న పదిమందికి మైదాకు పెట్టి మేలు జరిగిందని ప్రచురించారు. పోల్చడానికి వేరే వర్గం లేని పదిమంది అనుభవంతో నేను మందుగా రాయలేను. చల్లగా ఉంటుందన్న ఆమె మాటను కూడా కాదనలేదు. పచ్చి గాయం మీద ఏ ఆకూ వద్దని, మందు నడుస్తున్నన్నాళ్ళు అరచేతులకు పెట్టుకోవద్దని, పెట్టుకోవాలనిపిస్తే గోళ్ళకు పెట్టుకోమని చెప్పాను. ఆకుతో నాకు పేచీ లేదు. చేతులను చూడవలసిన కాలంలో వాటి మీద తెర ఉండకూడదు, అంతే. అదే రోజు కొడుకు తన ఫోన్‌లో చూసిన బిళ్ళగన్నేరు ఆకు రసం గురించి కూడా అడిగాడు. ఆ మొక్క నుంచి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే నిజమైన కీమో మందులు వచ్చాయి. క్వింటాళ్ళ కొద్దీ ఎండుటాకు నుంచి గ్రాముల్లో తీసి, మిల్లీగ్రాముల్లో రక్తనాళంలోకి ఎక్కించే మందులవి. పెరట్లో కోసిన గుప్పెడు ఆకులో ఏది ఎంతుందో తెలియదు, విన్‌క్రిస్టిన్ కూడా నరాలనే దెబ్బతీస్తుంది. తల్లి వేళ్ళకు ఇప్పటికే ఉన్న తిమ్మిరిని చూపించి వద్దన్నాను.

వేలిముద్ర విషయంలో "క్యాన్సర్ మందు వల్ల వేలిగీతలు తాత్కాలికంగా చెరిగాయి" అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చాను. ఇది కొత్త సమస్య కాదు. ఇదే మందు వాడుతున్న 62 ఏళ్ళ సింగపూర్ వ్యక్తిని 2008 డిసెంబరులో అమెరికా విమానాశ్రయంలో వేలిముద్రలు లేవని నాలుగు గంటలు ఆపిన సంగతిని అతని వైద్యుడు 2009లో ఒక వైద్య పత్రికకు రాశాడు. అక్కడ విమానాశ్రయం, ఇక్కడ చౌకధరల దుకాణం. ఇప్పుడు కేపెసిటాబిన్ మొదలుపెట్టే ప్రతి ఒక్కరితో రేషన్, బ్యాంకు, పింఛను పనుల్లో వేలిముద్ర ఎక్కడెక్కడ అవసరమో ముందే మాట్లాడుతున్నాం, కార్డులో ఉన్న మరొకరిని పంపమంటున్నాం.

ఆ తరువాత

అయిదు సైకిళ్ళు ఆ తగ్గించిన మోతాదుతో ఫిబ్రవరి చివరికి పూర్తయ్యాయి. ఆరో సైకిల్‌లో సంక్రాంతికి మూడు రోజులు ముగ్గులు వేసిన తరువాత కుడి చూపుడువేలు, బొటనవేలు మళ్ళీ ఎర్రబడి పొట్టు లేచాయి. ముగ్గుపిండి చిటికెలో పట్టి వదిలే చోటే. విరామపు వారం కావడంతో మోతాదు ముట్టుకోకుండానే సర్దుకుంది. మిగతా కాలమంతా గ్రేడ్ 1 దాటలేదు. మోతాదు తగ్గించడం, ఫోలిక్ యాసిడ్ ఆపడం, పత్తి పని మానడం, జెల్ రాయడం అన్నీ ఒకేసారి జరిగాయి కాబట్టి దేని వాటా ఎంతో ఈ ఒక్క కేసు తేల్చదు. నన్ను అడిగితే మోతాదుది, పత్తి చేనుదే పెద్ద వాటా అంటాను.

ఏప్రిల్‌లో రేషన్ దుకాణంలో రెండోసారి పెట్టగానే బొటనవేలు పడిందని కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఆషాఢంలో ఫాలోఅప్‌కు వచ్చినప్పుడు ఆమె రెండు అరచేతులకూ మైదాకు ఉంది. వేలి కొసల నుంచి మణికట్టు దాకా ఎక్కడా తెరిపి లేకుండా, ఒకే తీరుగా పండింది. స్లైడ్ తీసి నొక్కాను. రంగు మారలేదు, ఆమె చెయ్యి లాక్కోలేదు. వేలి చివర్ల తిమ్మిరి మాత్రం ఇంకా ఉందన్నది. అది షీట్‌లో విడిగా రాసి, మూడు నెలలకు తేదీ ఇచ్చాను.